మాల్వేర్ లేని జిల్లా

రాజధానిలోని ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద అధికారి 'మీ కరువు భత్యం పెరిగింది, వివరాలకు ఇక్కడ నొక్కండి' అన్న మెయిలు చూసి, మనసాగక నొక్కాడు. నొక్కిన అయిదు నిమిషాలకు ఆ అంతస్తులోని కంప్యూటర్లన్నీ తాళం పడి కూర్చున్నాయి. ఆయన పేరు బయటికి రాలేదు. బయటికి వచ్చింది సర్క్యులర్. తప్పు పైన జరిగితే సర్క్యులర్ కిందికి రావడం భూగర్భ జలమట్టాల నమోదు శాఖలో ఎప్పుడూ ఉన్నదే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆ సర్క్యులర్ సీమలోని ఒక కరువు జిల్లా కార్యాలయానికి చేరిన రోజు సీనియర్ అసిస్టెంట్ ఓబులపతి టీ తాగడానికి వెళ్లి ఉన్నాడు. అతను తిరిగి వచ్చేలోగా సమావేశం జరిగిపోయింది. జిల్లా సైబర్ భద్రతా నోడల్ అధికారిగా ఓబులపతి ఏకగ్రీవంగా ఎన్నికైపోయాడు. మన ఆఫీసుల్లో ఇలాంటి పదవులకు గదిలో లేనివాడికి ఉన్నంత అర్హత గదిలో ఉన్నవాళ్లకు ఉండదు.

నోడల్ అంటే ఏమిటో అతనికి తెలియదు. తెలియకపోయినా ఛాతీ కొంచెం ఉబ్బింది. యాభై నాలుగేళ్ల వయసులో ఇక ఉబ్బడానికి పొట్ట తప్ప ఏమీ మిగల్లేదనుకున్నవాడికి అది కాస్త ఊరటే. ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. "అంటే మల్లా ఆదివారాలు గూడా పోవాల్నా?" అని ఆవిడ అడిగింది. అభినందన సభ అంతటితో ముగిసింది.

ఓబులపతి అసలు పని వేరు. జిల్లాలో రెండు వందల పద్నాలుగు పరిశీలన బోర్లున్నాయి. వాటిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలకొకసారి టేపు దించి కొలవాలి. ఆ లెక్కలన్నీ అతని కంప్యూటర్‌లో ఒకే ఒక ఫైలులో ఉన్నాయి. పందొమ్మిదేళ్ల లెక్కలు, సగానికి పైగా అతనే తిరిగి కొలిచినవి. పైవాళ్లకు జిల్లా సగటు ఒక్కటే కావాలి, ఒక్కో బోరు సంగతి వాళ్లకు పట్టదు. పాత రిజిస్టర్లు ఒకప్పుడు ఉండేవి కానీ, కాగిత రహిత పాలనా వారోత్సవంలో వాటిని తూకానికి వేసేశారు. వేయవచ్చునని నోటు పెట్టింది ఓబులపతే. ఆ నోటు చాలా బాగుందని అప్పట్లో అందరూ అన్నారు.

ఆ ఫైలు కోసం ఆఫీసుకు వచ్చే మనుషులు కొందరున్నారు. వాళ్లలో గుండ్లవంక సుంకమ్మ ఒకతె. మూడెకరాల వేరుశనగ చేను, రెండు ఎండిన బోర్లు ఆమె ఆస్తి. మొదటిది కొబ్బరికాయ పట్టి నీళ్ల జాడ చూసేవాడి మాట మీద వేసింది, రెండోది బోరు బండి ఏజెంటు మాట మీద. ఆ తర్వాత ఎవరి మాటా వినకుండా ఏటా ఓబులపతి దగ్గరికి వస్తోంది. అతను ఫైలు తెరిచి, వాళ్ల ఊరి వరుస చూసి, మూడేళ్లుగా "ఈ ఏడు ఒద్దమ్మా" అంటున్నాడు. ఈసారి మాత్రం చూసి, "కొంచెం పైకి వస్తాండాది. ఇంగ మూడు నెలలు చూసి చెప్తా. అదే పద్ధతిలో వస్తే ఏస్కో" అన్నాడు.

"నువ్వు చెప్పేదాకా ఏయను సారూ" అని వెళ్లిపోయింది. ఇది వేస్తే మూడోది. ఇదీ ఎండితే చేను మిగలదు.

ఇక మాల్వేర్ సంగతి. సర్క్యులర్‌తో పాటు ఒక ప్రొఫార్మా వచ్చింది. అందులో అయిదు గళ్లు: వైరస్, వార్మ్, ట్రోజన్, స్పైవేర్, రాన్సమ్‌వేర్. ఒక్కో దాని కింద 'పట్టుబడిన సంఖ్య', 'వ్యాపించిన విధానం', 'వ్యాపించిన కంప్యూటర్ల సంఖ్య'. ఓబులపతి దాన్ని తీసుకుని డేటా ఎంట్రీ ఆపరేటర్ షాహీన్ దగ్గరికి వెళ్లాడు. పదకొండేళ్లుగా ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న మనిషి, ఆఫీసులో కంప్యూటర్ అంటే తెలిసిన ఒకే ఒక్క ప్రాణి. ఆ కారణం చేతనే ఆమెను సమావేశాలకు పిలవరు.

"ఇవన్నీ ఒకటే కాదా?" అన్నాడు.

"ఒకటేంటికి అవుతాయి సార్? వైరస్ ఏదో ఒక ఫైల్లో దూరి ఉంటాది. మనం ఆ ఫైలు తెరిస్తేనే లేస్తాది. ఆ ఫైలు ఎవురికి ఇస్తే వాళ్లకు పోతాది. వార్మ్‌కు మనం తెరిసే పని గూడా లేదు, నెట్‌వర్క్ వైరుంటే సాలు, ఒగ దాంట్లోంచి ఇంగోదాంట్లోకి అదే పోతాంటాది."

"ట్రోజన్?"

"అది మంచిదాని మాదిరి వస్తాది సార్. పనికొచ్చే సాఫ్ట్‌వేరనుకోని మనమే లోపలికి రానిస్తాం. స్పైవేర్ కిమ్మనకుండా కూచోని మనం కొట్టే పాస్‌వర్డ్‌లన్నీ బయటికి పంపిస్తాంటాది. రాన్సమ్‌వేర్ వస్తే ఫైళ్లన్నీ తాళం ఏసేస్తాది. తాళంచెవి కావాల్నంటే డబ్బు కట్టమంటాది. కట్టినా ఇస్తారని నమ్మకం లేదు."

ఓబులపతి అన్నీ రాసుకున్నాడు. రాసుకుంటూ, కిమ్మనకుండా కూర్చుని కబుర్లు పైకి చేరవేసేది, పిలవకపోయినా ప్రతి సెక్షన్‌లోకీ దూరేది, ఫైలు తొక్కిపెట్టి తాళం వేసేది, ఒక్కోదానికి ఆఫీసులో ఒక్కో మనిషి ఉన్నారని లోలోపల నవ్వుకున్నాడు. మంచివాడిలా కనిపించి లోపలికి వచ్చేవాడెవరా అని ఆలోచిస్తే తన మొహమే గుర్తొచ్చింది. నవ్వు ఆపుకుని పనిలో పడ్డాడు.

ఆఫీసులో ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. మూడింటికి ఇంటర్నెట్ లేదు. బోర్ల ఫైలున్న దానికైతే ఏ వైరూ లేదు. షాహీన్ రెండు రోజులు వెతికింది. ఏమీ లేదు. ఓబులపతి అయిదు గళ్లలోనూ 'నిల్' అని అందంగా రాసి పంపి, జిల్లా శుభ్రంగా ఉందన్న తృప్తితో ఆ పూట రెండు బజ్జీలు ఎక్కువ తిన్నాడు.

నాలుగో రోజు మెమో వచ్చింది.

'మీ కార్యాలయం సమర్పించిన నివేదికయందు అన్ని అంశములు నిల్‌గా చూపబడినవి. పొరుగు జిల్లాయందు పద్నాలుగు మాల్వేర్లు పట్టుబడియుండగా మీ జిల్లాయందు ఒక్కటియు పట్టుబడకపోవుట అప్రమత్తతా లోపముగా పరిగణింపబడినది. ఇందుకు గల కారణములను మూడు దినములలోగా తెలియపరచవలెను.'

ఓబులపతి కారణం తెలియపరిచాడు. మాల్వేర్లు లేవు కాబట్టి పట్టుబడలేదని రాశాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నిజాన్ని ఇంత సూటిగా కాగితం మీద పెట్టడం అతనికి అదే మొదటిసారి. అనుభవం లేని పనికి దిగితే ఏమవుతుందో సోమవారం వీడియో కాన్ఫరెన్సులో తెలిసింది.

తెర మీద అదనపు కమిషనరు గారు ప్రత్యక్షమయ్యారు. "మాల్వేర్ లేదనడం సమాధానం కాదు. అది పట్టుకొనే దృక్పథం లేకపోవడం. పక్క జిల్లావారు కృషి చేశారు, తద్వారా ఫలితాలు సాధించారు. ఈ సైబర్ అప్రమత్తతా మాసోత్సవంలో ప్రతి జిల్లాకు కనీస లక్ష్యం అయిదు, రకానికి ఒకటి చొప్పున. ఏ గడి ఖాళీగా ఉన్నా సదరు జిల్లా అధికారి వ్యక్తిగతంగా బాధ్యత వహించవలసి ఉంటుంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన తనిఖీ బృందం వచ్చి భౌతికంగా లెక్కిస్తుంది."

ఓబులపతి చెయ్యెత్తాడు. "సార్, లేనివాటిని ఎట్ల పట్టుకోవాల సార్?"

"నిరాశావాదం వద్దు" అన్నారు అదనపు కమిషనరు గారు. తెర ఆరిపోయింది.

జిల్లా డిప్యూటీ డైరెక్టర్ వరదరాజులు మెత్తని మనిషి. కోపమొచ్చినా గొంతు లేవదు, చెమట పడుతుంది. ఆ రోజు రుమాలు తడిసిపోయింది. "ఏమప్పా ఓబులపతీ, ర్యాంకుల పట్టిక చూసినావా? మనం అడుగున ఉండాము. సున్నా. నాకు ఇంగ ఏడు నెలలే ఉండేది. సున్నాతో రిటైరు కావాల్నా నేను?"

"సార్, మన కంప్యూటర్లు బాగుండాయి సార్."

"అదేప్పా సమస్య."

ఆ మాట విన్నప్పుడు ఓబులపతి నవ్వి ఉండాల్సింది. నవ్వలేదు. పైగా, అవును కదా, అదే సమస్య కదా అని సీరియస్‌గా అనిపించింది. ఆ క్షణంలోనే తన బుర్ర పాడైందని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

పక్క జిల్లాలో కుళ్లాయప్ప అని అతని ఈడువాడే సీనియర్ అసిస్టెంట్ ఉన్నాడు. అతనికి ఫోను చేశాడు.

"ఓబులన్నా, దాంట్లో ఏముండాది, మావి ఇస్తా తీస్కో. పెన్‌డ్రైవ్‌లో ఏసి పంపిస్తా" అన్నాడు కుళ్లాయప్ప, పెరుగు తోడు ఇచ్చినంత తేలిగ్గా. "అయితే ఒగటి. లెటర్ పెట్టి అడగల్ల. తనిఖీ అయినాక పెన్‌డ్రైవ్ వాపసు ఇయ్యాల. మా స్టాకు తగ్గగూడదు గదా."

లెటర్ పెట్టారు. మూడు రోజులకు లక్క సీలు వేసిన కవరు వచ్చింది. లోపల ఒక పెన్‌డ్రైవ్, దానికి దారంతో కట్టిన చీటీ. 'మాల్వేర్లు, అయిదు రకములు, మంచి స్థితిలో ఉన్నవి' అని రాసి ఉంది. ఓబులపతి అందినట్టు రశీదు ఇచ్చి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

షాహీన్ ఆ కవరు వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "సార్, ఇది ఒద్దు. కావాల్నంటే మూల పడేసిన పాత సిస్టం ఒకటుండాది గదా, దాంట్లో పెడదాం. ఎవురికీ నష్టం లేదు."

మంచి సలహా. ఓబులపతి వెంటనే మార్గదర్శకాలు చూశాడు. పట్టుబడిన మాల్వేర్ 'నిత్య వినియోగములోనున్న కంప్యూటరు'లోనే ఉండాలని నాలుగో నిబంధన. వార్మ్ వ్యాపించిన కంప్యూటర్ల సంఖ్య రెండుకు తగ్గరాదని అయిదో నిబంధన. తనిఖీ వరకు మాల్వేర్లను సజీవంగా ఉంచాలని, వాటిని తొలగించే యాంటీవైరస్ సాఫ్ట్‌వేరును సాక్ష్యాధారముల ధ్వంసముగా పరిగణించి ముందే తీసివేయాలని ఆరో నిబంధన.

"అయితే ముందు బోర్ల ఫైలు వేరే దాంట్లోకి కాపీ చేసుకుందాం సార్. నా దగ్గర పెన్‌డ్రైవ్ ఉండాది."

ఏడో నిబంధన చదివాడు. భద్రతా కారణముల దృష్ట్యా కార్యాలయ సమాచారమును ఎట్టి పరిస్థితులలోనూ పెన్‌డ్రైవులలోనికి కాపీ చేయరాదు.

"మరి ఇది?" అని షాహీన్ లక్క సీలు కవరు చూపించింది.

"ఇది లెటర్ మీద వచ్చింది గదమ్మా" అన్నాడు ఓబులపతి. అన్నాక ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. హార్డ్‌డిస్క్ కోసం ఇండెంటు పెట్టాడు. కొనుగోలు కమిటీ వచ్చే నెల పన్నెండున కూర్చుంటుందని జవాబు వచ్చింది. తనిఖీ ఇరవై ఎనిమిదిన.

ఇరవై నాలుగో తేదీన వరదరాజులు కొత్త వైరు తెప్పించి నాలుగు కంప్యూటర్లనూ కలిపించాడు, వార్మ్ తిరగడానికి ఇబ్బంది లేకుండా. యాంటీవైరస్ తీయించాడు. పెన్‌డ్రైవ్ పెట్టమంటే షాహీన్ చేతులు కట్టుకుంది. "రాతపూర్వకంగా ఇయ్యండి సార్, అప్పుడు గూడా పెట్టను" అంది. పదకొండేళ్లుగా పర్మనెంటు కాని మనిషికి ఆ ధైర్యం ఎక్కడిదో ఓబులపతికి అర్థం కాలేదు. పర్మనెంటు మనిషి కాబట్టి తానే పెట్టాడు. తన చేత్తో, తన కంప్యూటర్‌కు. ఒక్కో ఫైలు మీదా రెండుసార్లు నొక్కాడు. కాసేపు ఏమీ కాలేదు. కుళ్లాయప్ప పనికిరాని సరుకు అంటగట్టాడని తిట్టుకుంటుండగా తెర నల్లబడి, ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, మూడు రోజుల్లో డబ్బు కట్టకపోతే తాళంచెవి ఉండదు అని దాని సారాంశం. పక్క గదిలోంచి మిగతా మూడు కంప్యూటర్లూ ఒకదాని తర్వాత ఒకటి కుయ్యిమన్నాయి.

"వచ్చినాయి సార్! అయిదుకు అయిదు!" అని ఓబులపతి కేక వేశాడు.

అది సంతోషంతో వేసిన కేక. ఈ కథలో దాచిపెట్టడానికి వీల్లేని అవమానం అదొక్కటే. పందొమ్మిదేళ్ల లెక్కలు తాళం పడిన ఘడియలో అతనికి మొదట కలిగింది సంతోషం. తాళం పడిందేమిటో గుర్తు రావడానికి ఒక నిమిషం పట్టింది.

తెర మీది ఎర్ర అక్షరాలను వరదరాజులు కాగితం మీదికి ఎక్కించి, వచ్చిన ఉత్తరాల రిజిస్టరులో నమోదు చేయించాడు. గుర్తు తెలియని వ్యక్తి నుండి వచ్చిన లేఖకు కూడా జవాబు ఇవ్వాలన్నది నియమం. 'మీ లేఖ అందినది. తగు చర్య నిమిత్తము పై అధికారులకు పంపడమైనది' అని తయారుచేశారు గానీ, ఏ చిరునామాకు పంపాలో తెలియక ఫైల్లోనే ఉంచారు. మూడు రోజులు గడిచిపోయాయి.

తనిఖీ బృందం వచ్చి మురిసిపోయింది. ముగ్గురు అధికారులు నాలుగు కంప్యూటర్ల చుట్టూ తిరిగి, వేళ్లతో లెక్కపెట్టి, ఫొటోలు దిగారు. వార్మ్ వ్యాపించిన తీరు ఆదర్శప్రాయంగా ఉందని రాశారు. జిల్లా అడుగు నుంచి మొదటి స్థానానికి ఎగబాకింది. రాజధానిలో సభ పెట్టి ఓబులపతికి శాలువా కప్పి, చట్రం కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫైలు సంగతి చెప్పబోతే, "విజయగాథలు క్లుప్తంగా ఉండాలి" అని మైకు తీసేసుకున్నారు.

సభ నుంచి తిరిగొచ్చిన మరునాడు బల్ల మీద సంతకాల కట్ట ఉంది. మర్యాదల మత్తు ఇంకా దిగలేదు. 'ప్రశంసాపత్ర గ్రహీత, నోడల్ అధికారి' అని తన పేరు కింద కొత్తగా, బజారులో టైపు చేయించి ఉండటం చూసి ఓబులపతి మరింత వంపులు తిప్పి సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. ఏం రాసి ఉందో చదవలేదు. చదివి సంతకం పెట్టేవాడు ఆఫీసులో ఎవడున్నాడు గనక?

రెండు రోజుల తర్వాత సుంకమ్మ వచ్చింది. మూడు నెలలు నిండాయి.

"ఏం సారూ, ఏస్కోమంటావా? బండి ఊర్లోకి వచ్చిండాది. రేపు పక్కూరికి పోతాదంట. ఈ పొద్దే చెప్పల్ల."

ఓబులపతి తాళం పడిన కంప్యూటర్ వైపు చూశాడు. గోడ మీది ప్రశంసాపత్రం వైపు ఆమె చూసింది.

"అదేంటికి ఇచ్చినారు సారూ?"

"కంప్యూటర్లకు చెడుపు చేసేటివి పట్టుకున్నామని."

"మంచిదే గదా. మరి మా ఊరి లెక్క చూడు."

"ఆ లెక్కలు పోయినాయమ్మా. అవే పోగొట్టినాయి."

"పట్టుకున్నారంటివే, మల్లెట్ల పోగొట్టినాయి?"

"పట్టుకోలేదు. నేనే తెచ్చి పెట్టినా" అన్నాడు ఓబులపతి. ఆమె తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. అతను బీరువాలోంచి టేపు తీసుకుని ఆమెతో పాటు బస్సెక్కాడు.

గుండ్లవంకలో పరిశీలన బోరు బడి వెనకాల ఉంది. టేపు దించాడు. నీళ్లు తగలగానే టేపుకున్న బజరు కుయ్‌మంది. ముప్ఫై ఎనిమిది మీటర్లు. ముప్ఫై ఎనిమిది అంటే పైకి వచ్చినట్టా, కిందికి పోయినట్టా? మూడు నెలల కింద ఎంత చూశాడు? ముప్ఫై ఆరనిపించింది, నలభై ఒకటనీ అనిపించింది. రెండు వందల పద్నాలుగు బోర్లలో ఒకటి.

"సుంకమ్మా, నేను పోయిన తూరి వచ్చినప్పుడు ఎంత అని చెప్పినా?"

"నాకేం తెలుసు సారూ? నువ్వే గదా రాసుకోని పోతివి."

చేను గట్టు మీద బోరు బండి నిలబడి ఉంది. బండివాడు బీడీ కాలుస్తూ ఇటే చూస్తున్నాడు. ఓబులపతికి నాలుక చివరి వరకు వచ్చింది, ఏస్కో అనో ఒద్దు అనో. ఏది అన్నా ఆమె వింటుంది. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి అంచనాగా చెప్పినా తప్పేముంది అని లోపల ఎవరో నోడల్ అధికారి నచ్చజెబుతున్నాడు. అప్పుడే ఫోను మోగింది. షాహీన్.

"సార్, ఆ మాల్వేర్ పెన్‌డ్రైవ్‌కు కాపీలు తీయించి పదకొండు జిల్లాలకు పంపినారంట డీడీ సార్. ఆదర్శ నమూనా అని. పోస్టులో పోయి రెండు రోజులయింది. కవరింగ్ లెటర్లలో అన్నిట్లో మీ సంతకమే ఉండాది."

ఓబులపతి బడి మెట్ల మీద కూర్చుని, ఫోనులో ఉన్న నంబర్లు వెతికి ఒక్కో జిల్లాకూ చేయడం మొదలుపెట్టాడు. మొదటి జిల్లాలో ఎత్తలేదు. రెండో జిల్లాలో ఎత్తినాయన పరిచయం లేని మనిషి, పేరు వినగానే ఎంతో సంబరపడ్డాడు.

"మీరేనా సార్? కవరు పొద్దున్నే అందిందండి."

"దాన్ని తెరవద్దండి. దయచేసి తెరవద్దు."

"అయ్యో, తెరిచేశామండి. మామూలుగా అయితే ఇలాంటివి ముట్టుకోమండి, మాకూ సర్క్యులర్ ఉంది కదా. కింద మీ సంతకం కనబడింది. ఇంత పేరున్నవారు పంపింది, ఇక అనుమానం దేనికని తెరిచేశాం. ఇప్పుడు ఏవో ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. ఇంతేనా సార్, ఇంకేమైనా చెయ్యాలా?"

ఆ జిల్లాలో ఎన్ని బోర్ల లెక్కలున్నాయో అడగకుండానే ఫోను పెట్టేశాడు. మిగతా జిల్లాలకు ఫోన్లు చేయమని షాహీన్‌కు చెప్పి సుంకమ్మ దగ్గరికి నడిచాడు.

"అమ్మా, నాకు తెలీదు. ముప్ఫై ఎనిమిది ఉండాది, అంతవరకే తెలుసు. నీళ్లు పెరుగుతాండాయో తగ్గుతాండాయో తెలీదు. నా మాట నమ్మొద్దు."

సుంకమ్మ చేను వైపు తిరిగి, చెయ్యెత్తి, బండిని పొమ్మని సైగ చేసింది.

"నమ్మొద్దంటి గదా అమ్మా" అన్నాడు ఓబులపతి.

"తెలీదని నువ్వే చెప్తివి గదా సారూ, నమ్మకుండా ఎట్లుంటా?"

బండి కదిలిపోయింది. అది ఈ ఏడాది మళ్లీ ఇటు రాదు. ఆమె చేసింది మంచో చెడో అతనికి తెలియదు, తెలుసుకోవడానికి ఇంకో ఏడాది ప్రతి నెలా వచ్చి టేపు దించాలి. ఓబులపతి ఊళ్లో అంగడికి వెళ్లి గీతల నోటుబుక్కు ఒకటి కొన్నాడు. మొదటి పేజీలో తేదీ, ఊరి పేరు, ముప్ఫై ఎనిమిది అని రాశాడు. సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆగిపోయింది. తన పేరు రాయడానికి చేయి రాక, పుస్తకం సుంకమ్మ ముందు పెట్టి, అక్కడ ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు.